నక్కకొండ బాటకో గమ్యం

గేదెల సన్యాసిరావుకి షుగరు రాకపోయి ఉంటే నక్కకొండకి ఏ కష్టమూ వచ్చేది కాదు.

ఆయన నగర శివారు వికాస సంస్థలో సహాయ ఇంజనీరు. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊళ్లో నడుద్దామంటే ఆటోలు, కుక్కలు. అవి లేని వీధుల్లో తెలిసినవాళ్లు. ఇంటి ప్లాను ఎప్పుడు పాసవుతుందని అడిగే తెలిసినవాళ్లకంటే కుక్కలే నయమని, ఆయన తెల్లారగానే స్కూటరు మీద బైపాసు దాటి, బంటుపేట చివర నక్కకొండ దాకా వెళ్లి, కొండ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.

అక్కడ మనుషులూ మేకలూ తొక్కి తొక్కి చేసిన కాలిబాట ఒకటుంది. జీడితోటల్లోంచి వెళ్లి, రాగులు పండే చోడిచేల గట్లెక్కి, గెడ్డ అనే చిన్న వాగు వెంబడి కాస్త దూరం పోయి, కొండ వెనకనుంచి తిరిగి మొదలైన చోటికే వచ్చేస్తుంది. ఒకచోట రెండు తాటిచెట్ల మధ్యనుంచి సముద్రం చారెడంత కనిపిస్తుంది. సన్యాసిరావు అక్కడ ఒక నిమిషం ఆగి, ఆఫీసు గుర్తొచ్చేలోపు మళ్లీ నడిచేవాడు.

బాట మొదలయ్యేది పైడితల్లి ఇంటి ముంగిట్లో. ముగిసేది అదే ఇంటి పెరట్లో. ఆ చివర ఆ ఇల్లు ఒక్కటే. ఇంటికి ఒక పక్క కొండరాయి, రెండో పక్క గెడ్డ గట్టు. రెండు పక్కలా చెరో చిన్న సందు. పెరట్లోకి వచ్చిన సన్యాసిరావు ఒక సందులోంచి ముంగిట్లోకి వెళ్లి స్కూటరెక్కేవాడు. ఈలోగా పైడితల్లి గ్లాసుడు అంబలి ఇచ్చేది.

"ఏటి బాబూ, ఎక్కడికీ ఎల్లకండా అలగ తిరిగొచ్చేస్తారు రోజూ? ఏటన్నా పారేసుకున్నారేటి?" అని మొదటిరోజే అడిగింది ఆమె.

"ఒంట్లో చక్కెర ఎక్కువైంది పైడితల్లీ. పారేసుకుందామనే తిరుగుతున్నాను" అన్నాడు.

ఆమె భర్త సింహాద్రి సిమెంటు గోడౌన్లో రాత్రి కాపలా. పగలు నడిమింట్లో నులకమంచం మీద నిద్ర. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క దొంగనీ పట్టలేకపోయానన్న బెంగ తప్ప ఆయనకి మరే చింతా లేదు.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో సంస్థ సమీక్షా సమావేశం జరిగింది. వైస్ చైర్మన్ విరూపాక్షంగారు ఆ మధ్యే ఏదో దేశం వెళ్లి, అక్కడ జనం పనిలేకుండా పొలాల్లో నడవడం చూసి, చలించిపోయి వచ్చారు.

"నడక అనేది రాబోయే శతాబ్దపు వాహనం. నగర శివారున ప్రజలను ప్రకృతితో అనుసంధానం చేసే ఒక వినూత్న నడక ప్రతిపాదన నాకు కావాలి. ఎవరు చెబుతారు?" అన్నారు.

అందరూ బల్లకేసి చూశారు. బల్ల ఏమీ చెప్పలేదు. సన్యాసిరావు ఒక్కడే పొరపాటున తలెత్తి ఉన్నాడు. ఉన్నవాడు ఊరుకోక నక్కకొండ గురించి చెప్పాడు. ఏమీ కట్టక్కర్లేదనీ, దారి ఉన్నదున్నట్టు వదిలేసి ఒక బోర్డు పెడితే చాలనీ కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఎవరూ వినలేదు.

ఆరు నెలల్లో మేకలు చేసిన బాట "వర్తుల గ్రామీణ ప్రకృతి నడక బాట" అయింది. అడుగడుక్కీ బోర్డులు వెలిశాయి. చెట్టు దగ్గర "చెట్టు", గెడ్డ దగ్గర "గెడ్డ", సముద్రం కనిపించే చోట సముద్రానికి అడ్డంగా "ఇక్కడనుండి సముద్రం కనిపించును" అని రాసిన బోర్డు. సన్యాసిరావు దాన్ని రెండడుగులు జరపమని మూడుసార్లు బతిమాలాడు. బోర్డు సముద్రానికే గురిపెట్టినట్టు ఉండాలని పైనుంచి వచ్చిన ఆదేశం.

అయినా జనం వచ్చారు. రిటైరైన మేష్టర్లు, బ్యాంకువాళ్లు, కొత్త బూట్లు కొన్న కుర్రకారు. పని పూర్తయిందని సర్టిఫికెట్ ఒక్కటి వచ్చేస్తే ఇక ఆ దారిని ఎవరూ ముట్టుకోరని సన్యాసిరావు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి హైమవతిగారు చాలా మర్యాదస్తురాలు. మనిషి గొంతు పట్టుకునే ముందు కూడా "మీరేమీ అనుకోకపోతే" అంటారు. ఆమె నక్కకొండ పటం ముందు పెట్టుకుని సన్యాసిరావుని పిలిపించారు.

"మీరేమీ అనుకోకపోతే, ఈ బాట ఎక్కడ మొదలవుతుంది?"

"పైడితల్లి ఇంటి దగ్గరండి."

"ఎక్కడికి చేరుతుంది?"

"పైడితల్లి ఇంటి దగ్గరికేనండి."

"అంటే సదరు బాట ఎక్కడికీ చేరడం లేదు."

"వర్తులమండి. గుండ్రంగా..."

"గుండ్రంగా ఉండటం నాకు అభ్యంతరం కాదండీ. చేరకపోవడం అభ్యంతరం. మన నిబంధనలో మార్గం అంటే ఒక స్థానం నుండి మరొక స్థానానికి చేర్చునది. ఇది ఒక స్థానం నుండి అదే స్థానానికి చేరుస్తోంది. అక్కడే నిలబడినా ఫలితం అదే. నిలబడటానికి ఇంత ఖర్చెందుకు అని రేపు శాసనసభలో అడిగితే మీరు చెబుతారా, నేను చెప్పాలా?"

సన్యాసిరావు షుగరు గురించి చెప్పబోయాడు. వ్యక్తిగత వ్యాధులు ఆక్షేపణకి సమాధానం కావని ఆమె మృదువుగా చెప్పారు.

విషయం విరూపాక్షంగారి దాకా వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన కళ్లు మూసుకున్నప్పుడల్లా సంస్థలో ఎవరో ఒకరికి మూడేది.

"ప్రారంభం, ముగింపు ఒకేచోట ఉండటమే కదా సమస్య? విడదీయండి" అన్నారు.

"ఎలాగండి? ఉన్నచోటు ఒకటే కదా."

"మధ్యలో గోడ కట్టండి."

కట్టారు. పైడితల్లి ఇంటి గోడనుంచి కొండరాయి దాకా ఒకటి, ఇటు గెడ్డ గట్టు దాకా ఒకటి. ఇప్పుడు ముంగిలి ప్రారంభం, పెరడు ముగింపు. ముంగిట్లో కాపలావాడు జనాన్ని లోపలికే పంపుతాడు, బయటికి రానివ్వడు. పెరటివైపు కాపలావాడు బయటికే పంపుతాడు, వెనక్కి నడవనివ్వడు. నడక పూర్తిచేసినవాళ్లు తమ బళ్ల దగ్గరికి చేరడానికి పెరట్లోంచి సంస్థవారి బస్సు. అది బండిబాట పట్టి, హైవే ఎక్కి, టోల్‌గేటు దాటి, నగరంలో దూరి, మళ్లీ బైపాసు మీదుగా ముంగిట్లోకి వచ్చేసరికి గంటన్నర. గోడకి అవతల బళ్లు కనిపిస్తూనే ఉండేవి. ఒక బ్యాంకు మేనేజరుగారి స్కూటరు తాళం గోడ ఇవతల ఉండగానే ఎవరో ఆ స్కూటరు తోసుకుపోతుంటే ఆయన కేకలు వేస్తూ బస్సెక్కాడు.

గోడ కట్టిన రోజున పైడితల్లి సన్యాసిరావు మీద విరుచుకుపడింది.

"నా గేదె ఆ పక్కుంది. కుడితి తొట్టి ఈ పక్కుంది. గేదెని కూడా బస్సెక్కించమంతారేటి?"

"ఇంట్లోంచి తోలుకెళ్లు పైడితల్లీ. నాలుగు రోజులు ఓర్చుకో."

"ఇంట్లోంచే? మా ఇంటాయన తొంగుంతాడు. గేదె మీద కాలెట్టీసిందంటే?"

గేదె ఎవరిమీదా కాలు పెట్టలేదు. వెనక గుమ్మంలోంచి వచ్చి, మంచం పక్కనుంచి ఒద్దికగా నడిచి, ముందు గుమ్మంలోంచి వెళ్లింది. ఆ దృశ్యాన్ని బస్సు కోసం ఎండలో నిలబడ్డ ఒక రిటైర్డ్ లెక్కల మేష్టారు చూశారు. గేదె లోపలికి వెళ్లడం, కాసేపటికి గోడ అవతల దాని కొమ్ములు కనిపించడం ఆయన ఇట్టే లెక్కగట్టారు. బూట్లు విప్పి చేత పట్టుకుని, "అమ్మా, కాస్త దారి" అన్నారు.

మర్నాడు పదిమంది. వారం తిరిగేసరికి అందరూ. పెరటి గుమ్మంలో బూట్లు విప్పడం, వంటింట్లో అంబలి తాగడం, నడిమింట్లో సింహాద్రిని దాటడం, ముంగిట్లో బూట్లు తొడుక్కోవడం. ముంగిట్లో కాపలావాడికి బాటమీదనుంచి ఎవరూ బయటికి రాకూడదనే ఆదేశం. ఇంట్లోంచి రాకూడదని లేదు.

మొదట్లో సింహాద్రి ప్రతి అడుగుల చప్పుడికీ లేచి కూచునేవాడు. రెండు వారాలకి అలవాటుపడ్డాడు. దాటేవాళ్లు "గుడ్ మార్నింగ్" అంటే నిద్రలోనే "ఆఁ" అనేవాడు. ఒక బ్యాంకావిడ ఆయన మీదనుంచి జారిన దుప్పటి సర్ది మరీ వెళ్లేది. పైడితల్లి పైకి విసుక్కునేది గానీ, ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి మోకాలికి ఏ ఆకు కట్టాలో మాట్లాడుకోవడానికి ఇంతమంది దొరకడం ఆమెకి బాగానే ఉంది.

బస్సు ఖాళీగా తిరగసాగింది. డ్రైవరు ఆ సంగతి నిజాయితీగా రిపోర్టు చేశాడు. దాంతో కొంప మునిగింది.

"ఒక అనధికార నివాసం మన ముగింపుని మన ప్రారంభంతో అక్రమంగా కలుపుతోంది" అన్నారు విరూపాక్షంగారు. "ఆ ఇంటికి ఎన్ని గుమ్మాలు?"

"రెండండి."

"ఇల్లన్నాక రెండు గుమ్మాలెందుకు? నోటీసివ్వండి. వారంలో ఒక గుమ్మం పూడ్చాలి. లేనియెడల సదరు నిర్మాణాన్ని తొలగించి ఆ జాగాలో కూడా గోడ కట్టవలెను."

నోటీసు అంటించాల్సింది సన్యాసిరావే. జిగురు డబ్బా పట్టుకుని ముంగిట్లో నిలబడ్డాడు. పైడితల్లి నోటీసు చదివించుకుని, ఈసారి తిట్టలేదు. గడప మీద కూలబడింది.

"మా అత్త కట్టిన కొంప బాబూ. కొండరాయి మోసుకొచ్చి పునాదేసుకున్నాది. ముందు గుమ్మం మూసీమంటే సుట్టాలెలగొస్తారు? ఎనక గుమ్మం మూసీమంటే గేదెలగొస్తాది? మీరే కదేటి ఈ దారి గురించి ఆలకి సెప్పినారు? మీకు నానేటన్నేయం సేసినాను?"

సన్యాసిరావు నోటీసు అంటించాడు. చేతికి జిగురు మాత్రం మిగిలింది. తాను అంబలి తాగిన ఇంటిని తన చేత్తోనే కూలగొట్టించబోతున్నాడు. న్యాయం చెబితే వినేవాళ్లు పైన లేరు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే, అక్కడ న్యాయం పనిచెయ్యదు గానీ భాష పనిచేస్తుంది. మర్నాడు పొద్దున్నే విరూపాక్షంగారి గది ముందు నిలబడ్డాడు.

"అయ్యా, చిన్న మనవి. ఆ ఇల్లు తీసేస్తే మన ఆక్షేపణకి సమాధానం పోతుందండి."

"అదెలా?"

"మార్గం ఒక గమ్యానికి చేరాలని కదండీ హైమవతిగారు అడిగింది. గోడ కట్టాం, బానే ఉంది. కానీ బాట గోడదాకా వచ్చి ఆగుతోంది. గోడ గమ్యం కాదు కదండి, అడ్డంకి. అదే ఆ ఇల్లయితే, జనం వచ్చి, బూట్లు విప్పి, కూర్చుని, ఏదో తాగి వెళ్తున్నారు. సదరు నివాసాన్ని 'అధికారిక గమ్యస్థానం'గా ప్రకటిస్తే బాట ఎక్కడికో చేరినట్టవుతుంది."

విరూపాక్షంగారు కళ్లు మూసుకున్నారు.

"గమ్యస్థానం," అన్నారాయన కళ్లు తెరిచి. "ఇది నాకు నిన్ననే స్ఫురించింది. మంత్రిగారితో ప్రారంభిద్దాం."

పైడితల్లికి ఇల్లు దక్కింది. దాంతోపాటు పెరటి గుమ్మం మీద "గమ్యం" అని నాలుగడుగుల బోర్డూ, వంటింట్లో "కీలక గమ్య ప్రాంతం" అని ఇంకోటీ దక్కాయి. మంత్రిగారి రాక కోసం ఇంటికి సున్నం వేస్తుంటే, గేదెకి కూడా వేస్తారా అని ఆమె అడిగింది. సున్నం పొయ్యి దాకా వచ్చి ఆగింది.

మంత్రిగారు వచ్చిన రోజున ఏర్పాట్లన్నీ ఘనంగా జరిగాయి. ఆయన ముంగిట్లో జెండా ఊపి, కెమెరాల కోసం పాతికడుగులు నడిచి, జీపులో కొండ చుట్టి పెరట్లో దిగారు. రిబ్బను కత్తిరించి గమ్యంలోకి అడుగుపెట్టారు. వెనకే గన్‌మన్లిద్దరు, ఆ వెనక సన్యాసిరావు. ఆ వెనక విరూపాక్షంగారూ, ఇంకా ముప్ఫై మంది అధికారులూ ఒకేసారి గుమ్మంలో దూరబోయి ఇరుక్కున్నారు. హోదాలో చిన్నవాడు వెనక్కి తగ్గాలి. ఎవరు చిన్నో తేలలేదు.

ఈ తొక్కిసలాటకి సింహాద్రి కళ్లు తెరిచాడు. రోజూ ఒకరూ ఇద్దరూ బూట్లు చేత పట్టుకుని మెత్తగా వెళ్లడమే ఆయన ఎరుగును. ఈసారి చీకటింట్లో బూట్లతో ముగ్గురు నలుగురు, చేతుల్లో తుపాకులు, వంటింటి గుమ్మం నిండా తోపులాట.

ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఘడియ అది. సింహాద్రి ఒక్క గెంతులో ముందు గుమ్మంలోంచి బయటపడి, తలుపు లాగి, బయట గొళ్లెం పెట్టి, మెళ్లో ఈల తీసి కొండ అదిరేలా ఊదాడు.

"దొంగలు! దొంగలు! ఎవలూ తలుపు తియ్యకండి! తుపాకులున్నాయి!"

తుపాకులనగానే ముంగిట్లో కాపలావాడు పరారయ్యాడు. సన్యాసిరావు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. "సింహాద్రీ! నేను, సన్యాసిరావుని!"

"మీరూ ఆలతో కలిసిపోనారా బాబూ!" అని సింహాద్రి ఇంకా గట్టిగా ఊదాడు.

పెరటివైపు గోడ దగ్గరనుంచి పైడితల్లి కేకేసింది. "ఓరి సచ్చినోడా! మంత్రిగారు! తలుపు తియ్యి!"

"నిన్ను కూడా పట్టీసుకున్నారా? భయపడకు! పోలీసులొచ్చీదాక ఇక్కడే ఉంతాను!"

మంత్రిగారు ముందుకి వెళ్దామంటే గొళ్లెం, వెనక్కి వెళ్దామంటే గుమ్మంలో సంస్థ. ఆయన నెమ్మదిగా నులకమంచం మీద కూర్చున్నారు.

"ఏమయ్యా ఇంజనీరూ, ఎవరైనా ఇంటిపక్కనుంచి వెళ్లి ఆ తలుపు తీయొచ్చు కదా?"

"గోడ ఉందండి."

"గోడెక్కడం..."

"గాజుపెంకులు పెట్టామండి. నిబంధన."

"మరి ఎలా వెళ్తారు అటువైపుకి?"

"బస్సు ఉందండి. గంటన్నర."

"ఆ గోడ ఎందుకు కట్టారు?"

"దారి ఎక్కడికో ఒకచోటికి చేరాలనండి."

"ఇప్పుడు నేను ఎక్కడికి చేరాను?"

"గమ్యానికండి."

మంత్రిగారు ఒకసారి చుట్టూ చూశారు. ఉట్టి మీద కుండ, మూలన రోకలి, చిలక్కొయ్యకి సింహాద్రి నిక్కరు. అప్పుడే ఈల మళ్లీ మోగింది.

"ఆ గోడ కొట్టేయండి. ఇప్పుడే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు.

బంటుపేట కుర్రాళ్లు నలుగురు ఎప్పటినుంచో ఆ మాట కోసమే ఉన్నట్టు గునపాలతో దిగారు. పావుగంటలో సందు తెరుచుకుంది. పైడితల్లి పరిగెత్తుకుంటూ వెళ్లి మొగుడి చేతిలో ఈల లాక్కుని, తలుపు తీసింది. బయటికొచ్చిన మంత్రిగారు సింహాద్రి భుజం తట్టి, "మా ఆఫీసులో ఇంత మెలకువగా ఎవరూ లేరయ్యా" అన్నారు. సింహాద్రి అప్పటికీ గన్‌మన్ వంక అనుమానంగానే చూస్తున్నాడు.

మర్నాడు సంస్థ ఒక ప్రకటన విడుదల చేసింది. గోడ తొలగింపు తమ ప్రణాళికలో ముందునుంచీ ఉన్న రెండో దశ అనీ, వచ్చే సోమవారం వైస్ చైర్మన్ గారు లాంఛనంగా గోడను కూల్చి ఆ దశను ప్రారంభిస్తారనీ సారాంశం. ఆడిట్ తరఫున హైమవతిగారు ప్రత్యేక అతిథి.

ఏర్పాట్లు చూడటానికి ఆదివారం వెళ్లిన సన్యాసిరావు ముంగిట్లోనే నిలబడిపోయాడు. గోడ లేదు. రెండు పక్కలా పునాదితో సహా ఊడ్చినట్టు ఉంది. ఇంటి ముంగిట్లో మాత్రం గేదెకి కొత్త ఇటుకల పాక లేచింది.

"పైడితల్లీ, గోడేదీ?"

"పడిపోనాది కదేటి? పడిపోనదాన్ని ఎవలు కాపలా కాస్తారు?"

"రేపు పెద్దాయన కూలుస్తాడు."

"కూల్సీసింది మళ్లీ ఏటి కూలుస్తారు?"

ఆ ప్రశ్న పై అధికారుల దగ్గర అడిగితే ఏమవుతుందో సన్యాసిరావుకి తెలుసు. ఇల్లు మళ్లీ ఎవరి కంట్లోనూ పడకూడదు. రేపు ఒక్కరోజు గడిస్తే చాలు. బతిమాలాడు. "కాసిని ఇటుకలు అప్పియ్యి తల్లీ. నడుమెత్తు గోడ కడతాను. ఆయన కూలుస్తాడు. నీ ఇటుకలు నువ్వు తీసేసుకో."

పైడితల్లి కొత్త పాకకేసి ఒకసారి చూసింది. "ఇస్తాను. అయితే ఆ బోర్డులు రెండూ పీకీయాల. వంటింట్లో కూకుంటే అదేదో ఆఫీసులో ఉన్నట్టుంతాది నాకు."

బోర్డులు ఆ క్షణమే ఊడిపోయాయి. సాయంత్రానికి గెడ్డవైపు సందులో ఒక గోడ లేచింది. కొండవైపు సందులో ఆ హడావుడికి శామియానా, కుర్చీలు, స్పీకర్లు నిండిపోయాయి.

సోమవారం పెద్దలంతా ముంగిట్లో కార్లు దిగి, బాటంతా నడిచి పెరట్లో చేరారు. విరూపాక్షంగారు సుత్తి అందుకుని, అడ్డంకులు తొలగిస్తేనే ప్రగతి అని చాలాసేపు మాట్లాడారు. ముందు కట్టాలి కదా అన్న సంగతి మర్యాదకొద్దీ ఎవరూ ఎత్తలేదు. ఆయన సుత్తి ఆనించగానే ఆరని గోడ మొత్తం ఒక్క ఊపున సందులోకి వాలిపోయింది. చప్పట్లు మోగాయి. హైమవతిగారు కళ్లద్దాలు సర్దుకుని, "మీరేమీ అనుకోకపోతే, ఇప్పుడు మార్పు కనిపిస్తోంది" అన్నారు. సర్టిఫికెట్ మీద అక్కడికక్కడే సంతకం పడింది. సన్యాసిరావు దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.

ఇక కార్లు ముంగిట్లో ఉన్నాయి, జనం పెరట్లో ఉన్నారు. ఒక సందు నిండా ఇటుకలూ తడి సిమెంటూ. రెండో సందు నిండా శామియానా తాళ్లూ స్పీకర్లూ. పెద్దలందరూ అటూ ఇటూ చూశారు. పైడితల్లి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

"రండి బాబూ, ఏటి సెయ్యగలం. సెప్పులు ఇప్పండి. మా ఇంటాయన డూటీ నుంచొచ్చి ఇప్పుడే తొంగున్నాడు. సప్పుడు సెయ్యకండి."

హైమవతిగారు చెప్పులు చేత పట్టుకున్నారు. ఆ వెనక అధికారులు, ఈసారి ఒకరి తర్వాత ఒకరు, పిల్లుల్లా. వంటింట్లో ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అంబలి గ్లాసు పడింది. ఎవరూ కాదనలేదు. చివర్లో సన్యాసిరావు, ఆయన ముందు విరూపాక్షంగారు నడిమిల్లు దాటి ముందు గుమ్మం దాకా వచ్చారు.

సింహాద్రి కళ్లు తెరవలేదు. అటు తిరిగి పడుకుంటూ నిద్రలోనే, "తల, బాబూ. గుమ్మం సిన్నది" అన్నాడు.

విరూపాక్షంగారు తల వంచారు.